రెండు రకాల తలుపుల బండి

ఫైరింజను రోడ్డు మీద పోతుంటే జనం పైనున్న నిచ్చెనను చూస్తారు, మోగే గంటను వింటారు. బండికి రెండు పక్కలా వరసగా ఉండే అరల మీద ఎవరి చూపూ పడదు. మా పని మొదలయ్యేది ఆ అరల దగ్గరే. చుట్టలు చుట్టిన నీటి గొట్టాలు, వాటి మూతికి బిగించే ఇత్తడి బ్రాంచీలు, గొడ్డళ్లు, గునపాలు, తాళ్లు అన్నీ అందులోనే ఉంటాయి. అర తలుపు తెరుచుకోకపోతే ట్యాంకు నిండా నీళ్లున్నా ఉపయోగం లేదు.

నేను ఫైర్ సర్వీసులో చేరిన నాటి నుంచి తొంభైల చివరి దాకా నేను చూసిన బండ్లన్నిటికీ బందుల తలుపులే. ఇంట్లో బీరువా తలుపులాగా పక్కకు తెరుచుకునేవి. తెరిచాక గాలికి ఊగకుండా కొక్కెం తగిలించాలి. మా స్టేషన్లో ఒక పద్ధతి ఉండేది. బండి ఆగగానే ఎవరికి తోచిన తలుపు వాళ్లు లాగకూడదు. లీడింగ్ ఫైర్‌మ్యాన్ ముందు దిగి, ఇంజను వైపు నుంచి వెనక్కి ఒక్కొక్క తలుపూ తెరుస్తూ, కొక్కెం తగిలిస్తూ పోతాడు. మిగతావాళ్లు ఆయన వెనకే సామాను అందుకుంటారు. నేను రాకముందు ఎప్పుడో ఇద్దరు పక్కపక్క తలుపులు ఒకేసారి లాగి, ఒకాయన నుదురు చీరుకుపోయిందట. అప్పటి నుంచి ఆ పద్ధతి వచ్చింది. ఎక్కడా రాసి లేదు. అయినా ఎవరూ తప్పేవారు కాదు.

తలుపుల లోపలి వైపును మేం సొంత గోడలా వాడుకున్నాం. ఒకదానికి అద్దం, దువ్వెన. ఒకదానికి అమ్మవారి పటం. డ్రైవరు తన తువ్వాలు ఇంకోదానికి వేలాడదీసేవాడు. మంట ఆర్పి వచ్చాక తడిసిన చొక్కాలన్నీ తలుపుల మీదే ఆరేవి. అప్పుడు బండిని చూస్తే చాకలిరేవులా ఉండేది.

నేను స్టేషన్ ఆఫీసరుగా ఉన్న కాలంలో మా లీడింగ్ ఫైర్‌మ్యాన్ బందరు అవతల సముద్రపు ఒడ్డు ఊరివాడు. వాళ్లింట్లో అందరూ వల పట్టినవాళ్లే. తానొక్కడే నీళ్లు వదిలి నిప్పు దగ్గరకొచ్చానని నవ్వేవాడు. వయసులో నాకంటే పెద్ద, ఉద్యోగంలోనూ నాకంటే ముందు. అందువల్ల నేను అధికారినైనా ఆయన్ని ‘మీరు’ అనే పిలిచేవాణ్ణి. కుర్రవాళ్లు బాబాయ్ అనేవాళ్లు. తలుపులు తెరిచే పని ఏళ్ల తరబడి ఆయనదే.

పాత బజార్లు, గోడౌన్లు ఉన్న వన్ టౌన్ మా హద్దులోకే వస్తుంది. అక్కడి సందులు అందరూ ఎరిగినవే. ఒక వేసవి మధ్యాహ్నం ప్లాస్టిక్ సామాను గోడౌన్ అంటుకుందని ఫోనొచ్చింది. త్వరగానే చేరుకున్నాం. సందులోకి బండి దూరింది. ఒక పక్క కాలవ, దాని మీద కొట్ల మెట్లు. రెండో పక్క బస్తాలతో నిండిన తోపుడుబండి. దాని చక్రానికి గొలుసు వేసి, తోసే మనిషి భోజనానికి వెళ్లిపోయాడు. మా బాబాయ్ దిగి మొదటి తలుపు లాగితే అది జానెడు తెరుచుకుని తోపుడుబండికి కొట్టుకుంది. రెండోదీ అంతే. అవతలి పక్కకు పరిగెత్తి లాగితే మెట్లకు తగిలింది.

పక్కనే నిలబడ్డ హమాలీల ముఠా మేస్త్రి అడిగాడు. “ఏందయ్యా, తలుపులు తియ్యడానికొచ్చారా, మంట ఆర్పడానికొచ్చారా?”

“నువ్వూ నీ మనుషులూ ఓ చెయ్యేసి ఆ బండి ఎత్తి పక్కన పెట్టరాదా?” అన్నాడు మా డ్రైవరు.

“యాడ పెట్టమంటావు, నెత్తిన పెట్టుకోమంటావా?”

అతనన్నది నిజమే. పక్కకు జరపడానికి పక్క అనేదే లేదు. బండిని మలుపు దాకా వెనక్కి పోనిచ్చి, అక్కడ తలుపులు తెరిచి, అంత దూరం నుంచి గొట్టాలు ఈడ్చుకుంటూ వచ్చాం. అప్పటికి పై అంతస్తు పోయింది. మనుషులకేం కాలేదు. అంతా చల్లారాక గోడౌన్ యజమాని ఎదురు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ముసలాయన. నన్ను చూసి కోపం లేకుండానే అన్నాడు. “మీరు రావడం తొందరగానే వచ్చారు బాబూ. తెరవడమే ఆలస్యమైంది.”

ఆయన తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో.

ఆ తరువాత కొన్నాళ్లకే మా డివిజనుకు కొత్త బండి కట్టిస్తారనీ, అరలకు బందుల తలుపులు పెట్టాలా, పైకి చుట్టుకునే రోలింగ్ షట్టర్లు పెట్టాలా అన్నది మా స్టేషనే తేల్చాలనీ కబురొచ్చింది. పెద్దాఫీసరు ఫోన్లో అన్నారు.

“సందుల్లో తిరిగేది మీరు. మీరేది రాస్తే అదే కట్టిస్తాం. రెండూ మంచివేనని మాత్రం రాసి పంపకండి.”

నా అలవాటు ఆయనకు తెలుసు.

వాడి చూస్తే తప్ప ఏదీ రాయలేనన్నాను. ఆయన ఒప్పుకుని, మా దగ్గరున్న పాత బండిని ఆటోనగర్‌లో బాడీ కట్టే షెడ్డుకు పంపమన్నారు. ఎడమ పక్క పాత తలుపులు అలాగే ఉంచి, కుడి పక్క మాత్రం అల్యూమినియం షట్టర్లు పెట్టించాం. బండి తీసుకోవడానికి వెళ్లినప్పుడు షెడ్డు యజమాని కొత్త షట్టరును పైకి ఎత్తి, కిందికి దించి చూపించాడు.

“ఇది మన కొట్టు షట్టరనుకోబాకండి సార్. పట్టీలన్నీ పల్చనివి. రెండు పక్కలా గాడిలో జారతాయి. దీనికి నూనెలూ గ్రీజులూ పుయ్యగూడదు. పొడిగుడ్డ పెట్టి గాడి తుడిస్తే చాలు.”

“నూనె లేకుండా షట్టరు ఎట్టా జరిగిద్దండీ?” అన్నాడు మా డ్రైవరు.

“జరిగిద్ది. మీరు ఏమీ పుయ్యకపోతే జరిగిద్ది.”

ఈ మాట మా వాళ్లలో ఎవరూ నమ్మలేదు. వన్ టౌన్ చుట్టుపక్కల పుట్టి పెరిగిన వాళ్లకు షట్టరంటే ఏమిటో ఒకరు చెప్పాలా? పొద్దున్నే చప్పుడు చేస్తూ ఎత్తేది, రాత్రికి కాలితో తొక్కి దించేది, పండగకు ముందు గాడి నిండా గ్రీజు కూరేది. బండి స్టేషనుకు వచ్చిన రోజే ఒక ఫైర్‌మ్యాన్ అలవాటు కొద్దీ షట్టరు పిడి మీద కాలు వేసి తొక్కబోతే నేను అరవాల్సి వచ్చింది. కుడి పక్కకు అప్పుడే పేరు కూడా పెట్టేశారు. కిరాణా కొట్టు.

“బాబాయ్, కొట్టు తియ్యి, బేరాలొచ్చినయ్,” అనేవాడు ఆ ఫైర్‌మ్యాన్.

“పొద్దుటి బేరం, అప్పివ్వనురా.”

ఇలా నవ్వుతూనే ఉన్నాడు గానీ, ఆయన కుడి పక్కకు వెళ్లడం తగ్గిందని నాకు కొద్ది రోజుల్లోనే తెలిసింది. రోజూ పొద్దున డ్రిల్లులో తలుపులు తెరిచే వంతు మారుతూ ఉండాలని నేనే పెట్టాను. ఎవరి చేతికి ఏది ఎలా ఉందో తెలియాలి కదా. ఆయన తన వంతు వచ్చినప్పుడు ఏదో ఒక వంకతో ఎడమ పక్కకే నిలబడేవాడు. బందుల తలుపు నడుము ఎత్తులో పట్టుకుని లాగితే వస్తుంది. షట్టరును అలా కాదు, మోకాళ్ల దగ్గర పట్టుకుని తల మీదికి ఎత్తాలి. కొత్తది కావడంతో బిగుతుగా ఉండేది, చివరి దాకా చేత్తోనే తీసుకుపోవాలి.

ఒక రోజు డ్రిల్లయ్యాక ఆయన అద్దం ముందు ఎడమ చేత్తో తల దువ్వుకుంటున్నాడు.

“చెయ్యి మార్చారేం?” అన్నాను.

“ఏదో పట్టేసిందండీ.”

“ఎప్పటి నుంచి?”

దువ్వెన తలుపుకు తగిలించి, అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చాడు. “కుడి భుజం లేవడం లేదు సార్. ఇక్కడి దాకా వస్తది. ఆ పైన రాదు. నూనె రాయించా, కట్టు కట్టించా. వయసు వచ్చేసిందన్నారు.”

డ్రిల్లు చేయలేని వాడు బండి మీద ఉండకూడదు. అటువంటి వాళ్లను వాచ్ రూములో వేస్తారు. వాచ్ రూమంటే ఫోనున్న గది. పిలుపొస్తే ఎక్కడో, ఏమిటో అడిగి రాసుకుని గంట కొట్టాలి. బండి వెళ్లిపోయాక మళ్లీ ఫోను దగ్గర కూర్చోవాలి. జీతంలో తేడా రాదు. పరువుకు లోటనీ ఎవరూ అనరు. కానీ ఆయన అడిగింది అదొక్కటే.

“నన్ను ఫోను దగ్గర మాత్రం కూర్చోబెట్టకండి సార్. బండి గేటు దాటుతుంటే కూర్చుని చూడ్డం నా వల్ల గాదు. రిటైరయ్యే దాకా బండి మీద ఉండనియ్యండి. బందుల తలుపులైతే నాకే ఇబ్బందీ లేదు.”

నేను ఏమీ మాట ఇవ్వలేదు. ఎడమ పక్క ఆయనకు, కుడి పక్క ఇంకొకరికి అని వంతులు తిరగరాసి గోడకు అంటించాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసిందేమోనని తరువాత అనిపించింది.

ఆ పైన నెలల తరబడి ఆ రెండు రకాల బండి ఎక్కడెక్కడ తిరిగిందో, ఏ తలుపు ఎలా పనిచేసిందో డైరీలో ఏ రోజుకారోజు రాస్తూ వచ్చాను. ఇప్పుడు ఆ పేజీలు తిరగేస్తే చదివేవాడికి నిద్ర వస్తుంది. ‘కుడి బాగు. ఎడమ స్తంభానికి తగిలింది.’ ‘ఎడమ బాగు. కుడి కొంచెం బిగుతు.’ రెండూ బాగానే ఉన్నాయని రాసిన రోజులే ఎక్కువ. నాలో ఒక భాగం అలాగే సాగిపోతే బాగుండునని కోరుకుంది.

వరి కోతలు ముగిసి, గడ్డివాములు వేసిన రోజుల్లో ఉయ్యూరు వైపు నుంచి పిలుపొచ్చింది. అక్కడి బండి అప్పటికే ఇంకో చోటికి పోవడంతో మమ్మల్ని పంపారు. ఒక ఊరి చివర గడ్డివాము అంటుకుంది, దాని పక్కన గొడ్ల చావిడి, ఆ అవతల చెరకు తోట. కాలవ గట్టు మీద దుమ్ములో బండిని ఈడ్చుకుంటూ వెళ్లాం. బండి నిలపగలిగిన చోట కుడి పక్కే మంట వైపు వచ్చింది. కుడి పక్క మనిషి షట్టరు ఎత్తితే సగానికి వచ్చి ఆగిపోయింది. పైకి పోదు, కిందికి రాదు. ఇద్దరు కలిసి లాగితే ఒక వైపు మెలిపడింది.

“వంగి లాగండ్రా, కింద నుంచి లాగండి,” అంటూ బాబాయ్ పరిగెత్తుకొచ్చి, తానే నేల మీద మోకరిల్లి ఆ సందులోంచి ఎడమ చేత్తో గొట్టం చుట్టలు బయటికి దొర్లించాడు. తోట దాకా పోకుండా ఆపగలిగాం. గొడ్లను ఊరివాళ్లు ముందే విప్పుకున్నారు. చావిడి మాత్రం పోయింది. ఆ ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మా బండిని చూస్తూ అంది. “ఆ రేకు ఎత్తడానికి మీకు చేతగాకపోతే మా ఆయన్ని పిలిస్తే వచ్చి ఎత్తేవోడు గదయ్యా.”

స్టేషనుకు తిరిగొచ్చి షట్టరు విప్పించాను. గాడుల నిండా గ్రీజు. అందులో గట్టు మీది దుమ్ము, వరి పొట్టు, కాలిన గడ్డి నుసి కలిసి నల్లటి మైనంలా గడ్డకట్టింది.

“ఇదెవరు పూశారు?” అని అడిగాను.

డ్రైవరు అన్నాడు. “ఎవరైతే ఏంటి సార్. షట్టరంటే పూస్తాం గదా. మా బావమరిది కొట్లో నేనే పూస్తా.”

“పూయొద్దని చెప్పాడా లేదా, ఆటోనగరాయన?”

“చెప్పాడనుకోండి. ఆయన అమ్ముకునేవాడు. వాడుకునేవాళ్లం మనం.”

సాయంత్రం అందరూ వెళ్లాక బాబాయ్ నా గదికొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“నేనే పూశానండీ. మీరు వంతులు మార్చినా, ఎడమ పక్క గోడకు తగిలినప్పుడు కుడి పక్కే తియ్యాలి గదా. గ్రీజు పూస్తే నడుం దగ్గర ఒక్క తోపు తోస్తే అదే పైకి పోయేది. వారానికోసారి, ఎవరూ లేనప్పుడు కొంచెం కొంచెం పూసేవాణ్ణి. ఇట్టా అయిద్దనుకోలేదు.”

నేను తిట్టలేదు. తిట్టే ఓపిక కూడా లేదు. పగలంతా పొగలో నిలబడిన కళ్లు మండుతున్నాయి. “వెళ్లి స్నానం చేయండి,” అన్నాను.

మర్నాటికి స్టేషనంతా ఒక తీర్మానానికి వచ్చేసింది. డ్రైవరు వాళ్ల తరఫున మాట్లాడాడు.

“షట్టరు ఇరుక్కుపోయిందని రాసెయ్యండి సార్. పల్లెటూరి దుమ్ములో పనికిరాదని. ఊరంతా చూశారు గదా. అబద్ధమేమీ కాదు.”

“ఎందుకు ఇరుక్కుందో కూడా రాయాలి కదయ్యా.”

“ఎవరడుగుతారండీ? బందుల తలుపులు పెట్టిస్తారు. బాబాయ్ ఉన్నన్నాళ్లు ఉంటాడు. మా చొక్కాలూ ఆరతాయి.”

కష్టమంతా అక్కడే ఉంది. అది అబద్ధం కాదు. ఒక్క వాక్యం రాస్తే చాలు, అందరికీ సుఖం. నన్ను ఎవరూ తప్పుపట్టరు. ఆ రోజుల్లో నేను ఇంటికి వెళ్లి భోజనం ముందు కూర్చుని, ఏం తింటున్నానో తెలియకుండా తినేవాణ్ణి. తలుపుల గురించి ఇంత ఆలోచించే మనిషిని ఎక్కడా చూడలేదని మా ఆవిడ విసుక్కునేది.

గాడులు కడిగించి, ఆరబెట్టించి, గ్రీజు డబ్బాను నా బీరువాలో పెట్టి తాళం వేశాను. పొడిగుడ్డతో తుడవడం తప్ప వేరే ఏదీ చేయొద్దన్నాను. ఆ తరువాత అదే బండిని అదే కాలవ గట్ల మీద, ఇసుక లారీల వెనక దుమ్ములో, కావాలని తిప్పించాను. షట్టరు ఎప్పుడూ ఆగలేదు. బిగుతు మాత్రం తగ్గలేదు.

ఇంకొకటి కూడా చేశాను. తెరిచిన తలుపు ఎంత చోటు అడుగుతుందో అంత పొడవున ఒక కర్ర కోయించి, బండి ఎంత వెడల్పో తాడుతో ముడివేసుకుని, వన్ టౌన్ సందులన్నీ సాయంత్రాలు నడిచాను. తాడు పరిచి, దాని చివర కర్ర పెట్టి, గోడకు తగులుతుందో లేదో చూసుకుంటూ పోయేవాణ్ణి. యూనిఫాం లేదు. ఇత్తడి సామాను కొట్టాయన ఒకరు గల్లాపెట్టె వదిలి పరుగున వచ్చాడు.

“ఏవండీ, రోడ్డు వెడల్పు చేస్తున్నారా?”

“లేదండీ. నేను ఫైర్ స్టేషన్ నుంచి.”

“ఇప్పుడు మీరు కూడా పడగొడతారా?”

“ఏమీ పడగొట్టం. తలుపు పడుతుందో లేదో చూస్తున్నా.”

“మా తలుపా?”

“మా బండి తలుపండీ.”

ఆయన నా కర్రను, తాడును, నన్ను కాసేపు పరిశీలించాడు. “బండి తెచ్చుకోకుండా తలుపొక్కటే మోసుకొచ్చి కొలుస్తున్నారేంటండీ,” అని, నమ్మకం కుదరకపోయినా గోలీసోడా తెప్పించి ఇచ్చాడు. నేను వెళ్లేదాకా తన అరుగు దగ్గరే కాపలాగా నిలబడ్డాడు.

ఆ నడకలో తేలింది చెప్పడానికి పెద్దగా లేదు. గోడౌన్లున్న సందుల్లో కర్ర పట్టినవి తక్కువ. పట్టిన చోట్ల కూడా ఒక తోపుడుబండి ఆగితే పట్టదు. తోపుడుబండి ఆగని సందు వన్ టౌన్‌లో లేదు. మెట్ల మీద కూర్చున్న ముసలాయన ముఖం వద్దన్నా గుర్తొచ్చేది. ఎదురుగా ఇంకో ముఖం. దువ్వెన ఎడమ చేత్తో పట్టుకున్న మనిషి ముఖం.

రాసింది పంపే ముందు బాబాయ్‌కి చెప్పాలనిపించింది. మధ్యాహ్నం టీ వేళ షెడ్డు పక్క బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం.

“షట్టర్లే రాస్తున్నానండీ,” అన్నాను.

ఆయన టీ చల్లార్చుకుంటూ, “గ్రీజు సంగతి కూడా రాశారా?” అని అడిగాడు.

“గ్రీజు పూస్తే ఇరుక్కుంటుంది, పూయకూడదని రాశాను. ఎవరు పూశారన్నది రాయలేదు.”

“భుజం?”

“అది తలుపుల సంగతి కాదు కదా.”

ఆయన మిగిలిన టీ తాగేశాడు. తరువాత అన్నాడు. “ఆ ప్లాస్టిక్ గోడౌన్ రోజు తలుపు కొట్టుకున్నది నా చేతిలోనే గదండీ. జానెడు తెరుచుకుని ఆగితే ఎట్టుంటదో నాకు తెలుసు. రాయండి.” గ్లాసు కింద పెట్టాడు. “అయినా మన కాయితం పోయేదెప్పుడు, బండి వచ్చేదెప్పుడు. ఈలోపు నేను దిగిపోతాలెండి.”

ఇద్దరం నవ్వుకున్నాం. నిజానికి నేనూ ఆ ఆశ మీదే సంతకం పెట్టాను. ఫైళ్లు ఎంత నిదానంగా కదులుతాయో ఇద్దరికీ బాగా తెలుసు. షట్టర్లు రాసినట్టూ ఉంటుంది, ఆయన పాత బండి మీదే ఉద్యోగం ముగించినట్టూ ఉంటుంది. ఇంత కాలం ఫైలు ఆలస్యమైతే విసుక్కున్నవాణ్ణి, ఆ ఒక్కసారి ఆలస్యం కావాలని కోరుకున్నాను.

నా ఉద్యోగ జీవితంలో అంత త్వరగా వచ్చిన వస్తువు ఇంకోటి లేదు. ఇంకా బాడీ కట్టని చాసిస్ ముందే వచ్చి ఉందట, ఇంకో జిల్లాకు కావలసింది మాకు మళ్లించారట. దసరాకు ముందే బండి గేటులోకి వచ్చింది. రెండు పక్కలా వెండిలా మెరిసే షట్టర్లు. పాత బండిని తీసుకుపోయారు. కుర్రవాళ్లు అద్దం, పటం, దువ్వెన ఒక పళ్లెంలో పెట్టుకుని కొత్త బండి చుట్టూ తిరిగారు గానీ, తగిలించడానికి చోటు దొరకలేదు.

ఆయుధ పూజ నాడు పసుపు నీళ్లు కలిపి బండంతా పూయబోతుంటే, బాబాయ్ బకెట్టు పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. “బొట్లు ఇంజను మూత మీద పెట్టుకోండి. గాడిలోకి ఒక్క చుక్క పోవడానికి వీల్లేదు.”

“నువ్వా చెప్పేది బాబాయ్?” అన్నాడు డ్రైవరు.

“నేనే చెప్పాలి గదరా.”

పండగయ్యాక పెద్దాఫీసరు కొత్త బండి డ్రిల్లు చూడ్డానికి వస్తానన్నారు. వంతుల కాగితం రాయడానికి నేను కూర్చున్నాను. బాబాయ్ పేరు దగ్గర కలం ఆగింది. డ్రిల్లు నాటి పొద్దున నేను స్టేషనుకు వచ్చేసరికి ఆయన వాచ్ రూములో ఉన్నాడు. అక్కడి మనిషిని లేపి బండి మీదికి పంపి, తాను ఫోను ముందు కుర్చీ సరిచేసుకుంటున్నాడు. నేను ఏమీ చెప్పకముందే, నాకు చెప్పే అవసరం లేకుండా చేశాడు. డ్రిల్లు జరుగుతున్నంతసేపూ కిటికీ వైపు చూడలేదు. పెద్దాఫీసరు షట్టర్లు చాలా బాగున్నాయని, మా పరిశీలన ఇతర స్టేషన్లకు కూడా పంపిస్తామని అన్నారు.

కొన్నాళ్లకు వన్ టౌన్‌లో ఒక బట్టల కొట్టు వెనక గదిలో పొగలొస్తున్నాయని పిలుపొచ్చింది. ఫోనెత్తింది బాబాయే. గంట కొట్టి, బయటికొచ్చి, సందు గుర్తులు డ్రైవరుకు చెప్పాడు. బండి గేటు దాటింది. వెనక్కి చూడకూడదనుకున్నాను, చూడలేదు.

సందు ఆ ప్లాస్టిక్ గోడౌన్ సందంత ఇరుకు. అటు గోడ, ఇటు రిక్షా. షట్టర్లు రెండు పక్కలా పైకి పోయాయి. గొట్టాలు బయటికొచ్చాయి. వెనక గది, అందులో కొన్ని బేళ్లు మాత్రమే కాలాయి. కొట్టు యజమాని మమ్మల్ని పట్టించుకోకుండా మిగిలిన బేళ్లు లెక్కపెట్టుకోవడంలో మునిగిపోయాడు. తెరుచుకున్న తలుపు గురించి ఎవరూ ఏమీ అనరు. నేనూ డైరీలో రెండు మాటలే రాశాను.

తిరిగొచ్చాక వాచ్ రూములోకి వెళ్లాను. రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాడు.

“పట్టిందా సార్ సందులో?”

“పట్టింది.”

“కుడి పక్క ఎవరు తీశారు?”

చెప్పాను. కొట్టు తియ్యమని ఆయన్ని ఆటపట్టించే ఫైర్‌మ్యానే.

“వాడు ఓ పక్క పట్టుకుని ఎత్తుతాడండీ. మెలిపడిద్ది. రెండు చేతులూ మధ్యలో పెట్టి ఎత్తమనండి.”

“మీరే చూపించండి, రేపు డ్రిల్లులో.”

“నేను ఫోను దగ్గరుండాలి గదండీ,” అన్నాడు. మామూలుగానే అన్నాడు. బండి వచ్చిన వేళ రాసుకుని, పెన్ను మూత పెట్టాడు.

ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నాను. చొక్కా తడిసి ఒంటికి అంటుకుని ఉంది. బయట కుర్రవాళ్లు తడి బట్టలు ఎక్కడ ఆరేయాలో తెలియక గేటు మీద వేస్తున్నారు. లేచి వెళ్లాలనిపించలేదు. ఆయన కూడా వెళ్లమనలేదు. ఇద్దరం ఫోను వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాం. అది మోగలేదు.